తాగని నీళ్ళ చరిత్ర

నాలుగేళ్ళ క్రితం ఎండాకాలంలో నాకు చలిజ్వరం వచ్చింది. రెండు రోజులు మలేరియా అనుకున్నాం. మూడో రోజు నడుముకి కుడివైపున నొప్పి మొదలై, వాంతులు పట్టుకున్నాక అమ్మ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మూత్రాశయంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా ఎక్కిందన్నారు. ఐదు రోజులు సెలైన్లు, ఇంజక్షన్లు. డిశ్చార్జి చేసే రోజు డాక్టరమ్మ కేస్ షీట్ మీంచి తలెత్తకుండానే, "నీళ్ళెందుకు తాగవమ్మా? చదువుకున్నదానివి" అంది.

ఆ చదువు కోసమే తాగడం లేదని ఆవిడకి చెప్పలేకపోయాను.

అప్పుడు నేను నా సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా తిరగరాసే పనిలో ఉన్నాను. తొలినాళ్ళ తెలుగు స్త్రీల పత్రికలు నా విషయం. 1902లో మొదలైన 'హిందూ సుందరి', 1928లో మొదలైన 'గృహలక్ష్మి' లాంటి వాటి పాత సంచికల కోసం కోస్తాలోని ఒక పాత గ్రంథాలయానికి రోజూ వెళ్ళేదాన్ని. బస్సులో గంటన్నర. పది నుంచి ఐదున్నర దాకా ఆ బల్ల దగ్గరే. స్త్రీల మరుగుదొడ్డి భవనం వెనకాల ఉంది, దానికి తాళం ఉంది. తాళంచెవి అటెండరు దగ్గర ఉంటుంది. ఆయన టీకి వెళ్తాడు, బ్యాంకుకి వెళ్తాడు, ఒక్కోరోజు సెలవు పెడతాడు. ఉన్న రోజున అడగాలంటే చదువుకునే పదిమంది మగవాళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్ళి అడగాలి. రెండుసార్లు అడిగాను. మూడోసారి నుంచి పొద్దున్నే నీళ్ళు తాగడం మానేశాను. ఎవరూ మానమనలేదు. నాకు నేనే చాలా సులువుగా మానేశాను. ఆ సులువే తర్వాత నన్ను ఆలోచనలో పడేసింది. అంత తేలిగ్గా వచ్చిందంటే ఆ విద్య నాకు ముందే ఎవరో నేర్పి ఉండాలి.

నేను చదువుతున్న 'గృహలక్ష్మి'ని నడిపిన కె.ఎన్. కేసరి స్వయంగా వైద్యులు. స్త్రీల కోసం 'లోధ్ర' అనే మందు తయారుచేసి పేరుపొందిన మనిషి. స్త్రీల ఆరోగ్యం పేరున నడిచిన ఒక పత్రికను చదువుతూ, దాన్ని చదవడం కోసమే నా ఆరోగ్యం పాడుచేసుకున్నానన్నమాట.

ముందు శరీరం సంగతి చెప్పుకుందాం. సాహిత్యం చదువుకున్న మనం దీన్ని వైద్యులకి వదిలేస్తుంటాం, వదలకూడదు. మన బరువులో సగానికి పైగా నీళ్ళే. పురుషుల్లో సుమారు 60 శాతం, స్త్రీలలో 50 నుంచి 55 శాతం. రక్తం సాఫీగా పారడానికి, చెమట పట్టి ఒళ్ళు చల్లబడడానికి, తిన్నది అరిగి బయటికి పోవడానికి అన్నిటికీ నీరే ఆధారం. మన రెండు కిడ్నీలూ కలిసి రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడకడతాయి. దాదాపు అంతా మళ్ళీ రక్తంలోకే పంపి, లీటరో రెండు లీటర్లో మాత్రం మూత్రంగా బయటికి వదులుతాయి. నీళ్ళు తాగడం తగ్గితే, పొదుపు చెయ్యమని మెదడు ఒక హార్మోను ద్వారా కిడ్నీలకి కబురు పంపుతుంది. కిడ్నీలు పొదుపు చేస్తాయి. మూత్రం చిక్కబడుతుంది, రంగు ముదురుతుంది. అందులోని లవణాలు రాళ్ళుగా మారడానికి అవకాశం పెరుగుతుంది. తలనొప్పి, మలబద్ధకం, నీరసం వస్తాయి. పనిలో మనసు నిలవదు.

స్త్రీల విషయంలో ఇంకొకటుంది. స్త్రీలలో మూత్రనాళం పొడవు సుమారు నాలుగు సెంటీమీటర్లు, పురుషుల్లో ఇరవై దాకా. సూక్ష్మజీవులు మూత్రాశయానికి చేరే దారి మనకి చాలా దగ్గర. వాటిని బయటికి తోసేసే పని మూత్రానిదే. నీళ్ళు తాగకుండా, వచ్చిన మూత్రాన్ని గంటల తరబడి బిగబట్టుకుంటే ఆ తోసేసే పని ఆగిపోతుంది. 2018లో వెలువడిన ఒక వైద్య పరిశోధన దీన్ని కొలిచి చూపించింది. మాటిమాటికీ ఈ ఇన్‌ఫెక్షన్ వస్తున్న, రోజుకి లీటరున్నర కంటే తక్కువ ద్రవాలు తాగే 140 మంది స్త్రీలను తీసుకుని, వాళ్ళలో సగంమంది చేత రోజూ మరో లీటరున్నర నీళ్ళు తాగించారు. ఏడాదిలో మామూలుగా తాగినవాళ్ళకి సగటున 3.2 సార్లు ఇన్‌ఫెక్షన్ వస్తే, ఎక్కువ తాగినవాళ్ళకి 1.7 సార్లు వచ్చింది. దాదాపు సగానికి తగ్గింది. మందు మంచినీళ్ళే. గర్భిణుల్లో ఈ ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి ఎక్కితే నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం కూడా ఉంది.

ఎన్ని నీళ్ళు తాగాలి? రోజుకి ఎనిమిది గ్లాసులని క్యాలెండర్ల మీద కూడా వేస్తున్నారు. 1945లో అమెరికా ఆహార, పోషణ మండలి రోజుకి రెండున్నర లీటర్ల నీరు అవసరమని రాసింది. అందులో చాలా భాగం మనం తినే ఆహారంలోనే ఉంటుందని ఆ వెంటనే రాసింది. లోకం మొదటి వాక్యాన్ని గుర్తుపెట్టుకుని రెండోదాన్ని మర్చిపోయింది. 2010లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ మరీ వేడీ చలీ లేని వాతావరణంలో స్త్రీలకి రెండు లీటర్లు, పాలిచ్చే తల్లికి మరో 700 మిల్లీలీటర్లు చాలంది. ఇది కూడా ఆహారంలోని నీటిని కలుపుకునే. మన ఎండల్లో, పొలంలో, పొయ్యి దగ్గర పనిచేసే మనిషికి అంతకంటే ఎక్కువే కావాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. మిగతావాళ్ళకి దాహమూ, మూత్రం రంగూ చాలావరకు దారి చూపిస్తాయి.

అంటే దాహం వేసినప్పుడు తాగితే సరిపోతుందన్నమాట. మరి దాహం వేసినా తాగని మనుషుల సంగతేమిటి?

ఇక్కణ్ణించే నాకు చరిత్ర అవసరమైంది. మన సాహిత్యంలో నీళ్ళ కోసం వెతికాను. నీళ్ళు మోసే ఆడవాళ్ళు అడుగడుగునా ఉన్నారు. బావి గట్టు మీద, చెరువు మెట్ల మీద, పంపు దగ్గర క్యూలో. తాగుతున్న ఆడమనిషి కోసం వెతికితే కనిపించడం కష్టమైంది. మన భాష చూడండి. గర్భం వస్తే నీళ్ళోసుకుంది అంటాం. కాన్పయితే నీళ్ళాడింది అంటాం. ఆమె శరీరంలో జరిగేవాటిని ఇన్ని నీళ్ళ మాటలతో చెప్పుకునే భాషలో ఆమె దప్పికకి ఒక మాట లేదు.

ప్రేమ్‌చంద్ 1932లో రాసిన 'ఠాకూర్ కా కువా' కథ మనలో చాలామంది చదివే ఉంటాం. జబ్బుపడిన జోఖూకి దాహం. ఇంట్లో ఉన్న నీళ్ళు కంపు కొడుతున్నాయి. భార్య గంగి చీకట్లో ఠాకూరు బావికి వెళుతుంది. దొరికితే ప్రాణాలు పోతాయి. దళితులకి మంచినీళ్ళు నిరాకరించిన సమాజం గురించి ఎన్నో ఏళ్ళుగా ఈ కథను పాఠంగా చెబుతున్నాం, చెప్పాలి కూడా. నేను ఈమధ్య మళ్ళీ చదివినప్పుడు మాత్రం ఒక సంగతి పట్టుకుంది. దాహం అతనిది, ప్రమాదం ఆమెది. అదే కంపు నీళ్ళున్న ఇంట్లో గంగి ఆ రోజంతా ఏం తాగింది? కథలో ఆ ప్రశ్న లేదు. నాకు కూడా ఇన్నేళ్ళూ తట్టలేదు.

నీళ్ళు తాగే హక్కు కోసం జరిగిన పోరాటాల చరిత్ర మనకి ఉంది. 1923లో బొంబాయి శాసన మండలి ప్రజల సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అందరివీ అని తీర్మానించింది. 1924లో మహాడ్ మునిసిపాలిటీ దాన్ని ఆమోదించింది. అయినా అంటరానివాళ్ళు అక్కడి చవదార్ చెరువులో నీళ్ళు ముట్టడానికి 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్ళాల్సి వచ్చింది. తర్వాత అగ్రవర్ణాలవాళ్ళు ఆ చెరువును 'శుద్ధి' చేశారు. కోర్టులో తేలేసరికి 1937 అయింది. మన దగ్గర 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే నీళ్ళ చెరువును కమ్మ యువకులు మురికి చేస్తుంటే వద్దన్నందుకు గొడవ మొదలైంది. నీళ్ళకి వచ్చిన మున్నంగి సువార్త తనని కొట్టబోతే చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు ఊరి మీద పడి ఆరుగుర్ని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. మా అమ్మ వాళ్ళ ఊరు అక్కడికి దూరమేమీ కాదు. మా కులం వల్ల మమ్మల్ని ఏ బావి దగ్గరా ఎవరూ ఆపలేదన్న సంగతి చెప్పకుండా నేను ఈ వ్యాసం రాయకూడదు.

నేను రాయాలనుకుంటున్నది దీని పక్కనే, ఇంకా రాయకుండా ఉండిపోయిన మరో చరిత్ర. నీళ్ళు ఎదురుగా ఉంటాయి. చెయ్యి చాస్తే అందుతాయి. ఆమె తాగదు. దీనికి సాక్ష్యం ఏ తీర్మానంలోనూ, ఏ తీర్పులోనూ దొరకదు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు చేసిన పనే నాకూ దారి. వెళ్ళి ఆడవాళ్ళని అడగడం. మొదట మా ఇంట్లోనే అడిగాను.

మా అమ్మమ్మ 1960లో మా అమ్మని కన్నది. కాన్పయిన మొదటి రోజుల్లో నీళ్ళివ్వలేదు. బాలింత నీళ్ళు తాగితే పొట్ట జారుతుందని, ఒళ్ళు చెమరుస్తుందని, పసిబిడ్డకి జలుబు చేస్తుందని అన్నారు. మాడ్చిన వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం, నెయ్యి, కాయం. ముద్ద దిగడానికి కాచిన నీళ్ళు చిన్న గ్లాసుతో సగం. "మరెట్లా ఉన్నావు అమ్మమ్మా?" అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "మీ అమ్మ గుడ్డలు తడపడానికి గదిలో బకెట్టు పెట్టేవాళ్ళే. రాత్రి అందరూ పడుకున్నాక దాంట్లోంచి దోసిలితో తాగాను. మీ ముత్తమ్మకి చెప్పకే" అంది. మా ముత్తమ్మ పోయి ముప్ఫై ఏళ్ళయింది.

పాలలో దాదాపు 87 శాతం నీళ్ళే. బిడ్డకి పాలిచ్చే మనిషి దగ్గర నీళ్ళు దాచిపెట్టారు. పైగా కాన్పు తర్వాత కొన్ని వారాలు రక్తం గడ్డకట్టే గుణం సహజంగానే ఎక్కువగా ఉంటుంది. బాలింతల్లో మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే జబ్బును చూసిన మన దేశపు నాడీవైద్యులు ఒంట్లో నీరు తగ్గడాన్ని, ఈ పథ్యాన్ని దానికి దోహదం చేసే కారణాల్లో చేర్చారు. 'బాలింత వాతం', 'గాలి సోకింది' అని చెప్పుకున్న కొన్ని చావుల వెనక ఏముందో ఎవరు చెప్పగలరు? అమ్మమ్మకి నీళ్ళివ్వనివాళ్ళూ ఆడవాళ్ళే. వాళ్ళకి ఆమె మీద ప్రేమ లేక కాదు. వాళ్ళ కాన్పుల్లో వాళ్ళకీ ఇవ్వలేదు. పితృస్వామ్యం ఇట్లా అత్త చేతి గ్లాసులోంచి కోడలికీ, అమ్మ చేతి గ్లాసులోంచి కూతురికీ అందుతుంది.

మా అమ్మది వేరే కథ. 1985 నుంచి ముప్ఫై నాలుగేళ్ళు ప్రకాశం జిల్లాలో ప్రాథమిక పాఠశాలల్లో పంతులమ్మగా చేసింది. నాకు బాగా గుర్తున్న దృశ్యం ఒకటుంది. సాయంత్రం అమ్మ గుమ్మంలోకి వస్తూనే చెప్పులు విడిచి, భుజానికి సంచి ఉండగానే, తిన్నగా దొడ్లోకి వెళ్ళేది. వచ్చి కుండ దగ్గర నిలబడి రెండు చెంబుల నీళ్ళు గటగటా తాగేది. గొంతు కింద చీర తడిసిపోయేది. చిన్నప్పుడు నాకు అదొక ఆటలా ఉండేది, లెక్కపెట్టేదాన్ని. ఆమె తాగిన ఆ చెంబులు పొద్దున ఎనిమిది నుంచి దాచుకున్న దాహమని ముప్ఫై ఏళ్ళు దాటాక గానీ అర్థం కాలేదు.

"బళ్ళో దొడ్డి లేదా అమ్మా?" అని అడిగాను. మొదటి రెండు ఊళ్ళలో లేదు. మూడో ఊళ్ళో కట్టారు, నీళ్ళు లేవు, సామాన్లు పెట్టుకున్నారు. "సార్లు గోడవెనక్కి వెళ్ళేవాళ్ళు. మేమిద్దరం ఆడ టీచర్లం, మధ్యాహ్నం దగ్గర్లో ఒకావిడ ఇంటికి వెళ్ళేవాళ్ళం. రోజూ అంటే ఆవిడ మాత్రం ఏమనుకుంటుంది? అందుకని తాగేవాళ్ళమే కాదు." మరి ఆడపిల్లలు? అమ్మ నా వైపు చూసింది. "వాళ్ళకీ అదే చెప్పేవాళ్ళం. క్లాసులో లేవకుండా ఇంటి దగ్గర కానిచ్చుకుని రమ్మని." ఆ మాట అన్నాక చాలాసేపు చింతపండు ఈనెలు తీస్తూ కూర్చుంది. నాకు ఆ విద్య ఎక్కణ్ణించి వచ్చిందో తెలిసింది. బడిలో ప్రతి గదిలోనూ దాన్ని నేర్పారు. నేర్పినవాళ్ళు మన మేలు కోరినవాళ్ళే. అన్ని బడుల్లోనూ మరుగుదొడ్లు కట్టితీరాలని సుప్రీంకోర్టు 2012లో చెప్పేనాటికి అమ్మ ఉద్యోగం ఇరవై ఏడేళ్ళు పూర్తయింది.

ఇది మన పేదరికం వల్లా, మన వెనకబాటుతనం వల్లా వచ్చిందని అనుకునేదాన్ని. నా పరిశోధనలో భాగంగా, మన స్త్రీల పత్రికలు పుట్టిన కాలంలోనే ఇంగ్లండులో నడిచిన ఓటుహక్కు ఉద్యమపు రాతలు చూస్తుంటే జార్జ్ బెర్నార్డ్ షా 1909లో రాసిన ఒక చిన్న వ్యాసం కంటపడింది. స్త్రీల ఓటుహక్కుకు అనుకూలంగా నోటితో చెప్పరాని ఒక వాదన ఉందంటాడు. ఆ చెప్పరానిది మరుగుదొడ్డి. షా 1897 నుంచి 1903 దాకా లండన్‌లో సెయింట్ పాంక్రస్ స్థానిక పాలక మండలిలో సభ్యుడు. 1900 ప్రాంతంలో కామ్‌డెన్ టౌన్ కూడలిలో స్త్రీలకి ఒక మరుగుదొడ్డి కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. సభ్యులు సిగ్గుపడ్డారు, నవ్వారు, కోప్పడ్డారు. అది ట్రాఫిక్‌కి అడ్డమని నిరూపించడానికి అక్కడ ఒక చెక్క నమూనా నిలబెడితే బండ్లవాళ్ళు పనిగట్టుకుని దాన్ని గుద్దుకుంటూ పోయారు. మగవాళ్ళకి మూత్రశాల ఉచితం. ఆడవాళ్ళకి మాత్రం ప్రతిసారీ ఒక పెన్నీ. పేద స్త్రీ ఆ పెన్నీ ఇవ్వలేదని షా గుర్తించాడు. అంతకు యాభై ఏళ్ళ ముందే, 1851 నాటి లండన్ మహా ప్రదర్శనలో, జార్జ్ జెన్నింగ్స్ పెట్టిన మరుగుదొడ్లను ఎనిమిది లక్షలమందికి పైగా పెన్నీ ఇచ్చి వాడుకున్నారు. సాంకేతికత ఉంది, డబ్బుంది, వాడుకునే జనమున్నారు. ప్రపంచంలోకెల్లా ధనవంతమైన ఆ నగరంలో లేనిదల్లా స్త్రీలు ఇల్లు దాటి నాలుగు గంటలు బయట ఉండవచ్చన్న ఒప్పుకోలు. ఇల్లు దాటి ఎంతదూరం వెళ్ళవచ్చో మూత్రాశయం నిర్ణయించింది. దాన్ని పొడిగించుకోవడానికి అక్కడి ఆడవాళ్ళకీ ఉన్న దారి తాగకపోవడమే.

మన చట్టాలు రాసినవాళ్ళకి ఈ రెండిటి సంబంధం తెలుసు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 18వ సెక్షన్ తాగునీటి గురించి, ఆ పక్కనే 19వ సెక్షన్ మరుగుదొడ్ల గురించి. తాగునీరు పెట్టే చోటు మూత్రశాలకి ఆరు మీటర్ల లోపు ఉండకూడదని, స్త్రీలకి విడిగా మరుగుదొడ్లుండాలని అంత వివరంగా రాశారు. కానీ ఆ చట్టం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయింది. స్త్రీలలో ఎక్కువమంది పనిచేసేది పొలంలో, వీధిలో, చిన్న దుకాణంలో, ఇంకొకరి ఇంట్లో. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం పనిచోట ఉండాల్సిన వసతులు లెక్కపెట్టింది. మంచినీళ్ళు, పిల్లలకి నీడ, విశ్రాంతి సమయం, ప్రథమ చికిత్స పెట్టె. మరుగుదొడ్డికి ఆ జాబితాలో చోటు దొరకలేదు. ఆ పథకంలో సగానికి పైగా పనిదినాలు స్త్రీలవి. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణల్లో వడగాడ్పులకి వెయ్యిమందికి పైగా చనిపోయారు. అట్లాంటి ప్రతి వేసవిలోనూ దాహం వెయ్యకపోయినా నీళ్ళు తాగండని ప్రభుత్వం చెబుతూనే ఉంటుంది. మంచి మాటే. చెట్టూ పుట్టా లేని చెరువు మట్టి పనిలో, చుట్టూ మగవాళ్ళుండగా, తాగిన ఆడమనిషి తర్వాత ఎక్కడికి వెళ్ళాలో ఆ ప్రకటనలో ఉండదు.

దీన్ని బయటికి చెప్పి గెలిచినవాళ్ళూ ఉన్నారు. కేరళలో కోళికోడ్‌లోని మిఠాయి తెరువు బట్టల దుకాణాల్లో అమ్మకాలు చేసే స్త్రీలు రోజంతా నిలబడాలి, కూర్చోకూడదు, చాలా దుకాణాల్లో వాళ్ళకి మరుగుదొడ్డి లేదు. వాళ్ళూ నీళ్ళు తాగడం మానేశారు, వాళ్ళకీ మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లే. అదే వీధిలో కుట్టుపని చేసే పి. విజి వాళ్ళని కూడగట్టి 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టింది. మొదటి డిమాండు మరుగుదొడ్డి, తర్వాతది కూర్చునే హక్కు. దాదాపు పదేళ్ళ పోరాటం తర్వాత 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా కూర్చునే హక్కును చట్టం చేసింది. 2011లో ముంబైలో స్త్రీలు మూత్రవిసర్జన హక్కు పేరుతోనే ఉద్యమం మొదలుపెట్టారు. షా వందేళ్ళ క్రితం చెప్పరానిదన్న మాటను వాళ్ళు బ్యానర్ మీద రాసుకున్నారు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు అన్ని కోర్టుల ఆవరణల్లోనూ స్త్రీలకి, వికలాంగులకి, ట్రాన్స్‌జెండర్లకి మరుగుదొడ్లు ఉండాలని, అది జీవించే హక్కులో భాగమని చెప్పింది.

ఇంతవరకు రాసి, బాగా రాశాననుకుని, ఒక ఉదయం హైదరాబాద్‌లో మా వంటింట్లో నీళ్ళు తాగుతున్నాను. ఇప్పుడు నేను డాక్టరమ్మ మాట వింటున్నాను, గంటకోసారి తాగుతాను. గిన్నెలు తోముతున్న అక్కకి ఒక గ్లాసు ఇవ్వబోయాను. వద్దంది.

"పొద్దుగాల చాయ్ తాగొస్తనమ్మా. నీళ్ళు తాగితే ఇంక మూడిండ్లు అయ్యేదాంక యాడికి పోవాలె?"

"అదేంటక్కా, ఇక్కడ బాత్రూం ఉందిగా."

"మీరెప్పుడు చెప్పలేదు గద."

ఆరేళ్ళుగా మా ఇంట్లో పనిచేస్తోంది. రోజూ ఆ బాత్రూం కడిగేది తనే. టీ ఇచ్చాను, పండక్కి చీర ఇచ్చాను, వాళ్ళమ్మాయి ఫీజుకి డబ్బిచ్చాను. ఆ ఒక్క మాట చెప్పలేదు. చెప్పాలని తోచకపోవడంలో నా కులం ఎంత, వర్గం ఎంత, మరుపు ఎంత అని విడదీసుకుంటూ కూర్చోవచ్చు. గ్రంథాలయంలో తాళంచెవి పట్టుకున్న అటెండరు మీద నాకు నాలుగేళ్ళుగా కోపం. మా ఇంట్లో తాళం లేదు, అయినా తలుపు మూసే ఉంది. తను వెంటనే ఏమీ వాడుకోలేదు. ఇంకో రెండు వారాలు పట్టింది. ఇప్పుడు పని అయ్యాక వెళుతూ ఒక గ్లాసు నీళ్ళు తాగుతుంది. మిగతా రెండిళ్ళ సంగతి నేను అడిగితే నవ్వి ఊరుకుంది.

'నీళ్ళు బాగా తాగండి' అనే సలహా మనల్ని మతిమరుపు మనుషులుగా చూస్తుంది. మనం మర్చిపోవడం లేదు. లెక్క వేసుకుని మానేస్తున్నాం. ఎంతసేపు బయట ఉండాలి, దారిలో ఎక్కడ ఆగవచ్చు, ఎవరిని అడగాలి, అడిగితే ఏమనుకుంటారు. ఈ లెక్క మన అమ్మలు మనకి నేర్పారు, వాళ్ళకి వాళ్ళ అమ్మలు. 1991లో హైదరాబాద్ నుంచి వచ్చిన స్త్రీల ఆరోగ్య పుస్తకం 'సవాలక్ష సందేహాలు' మన శరీరం గురించి మనమే మాట్లాడుకోవచ్చని మన ముందుతరానికి నేర్పింది. ఆ పుస్తకానికి మనం ఒక అధ్యాయం కలపాలి. బస్సు కండక్టర్లు, పోలీసు స్త్రీలు, రైలింజను నడిపేవాళ్ళు, విలేకరులు, కూలికి వెళ్ళేవాళ్ళు, పరిశోధక విద్యార్థినులు రోజుకి ఎన్ని గంటలు తాగకుండా ఉంటున్నారో, ఎన్నిసార్లు జ్వరపడ్డారో, ఎవరిని ఏమని అడిగారో రాయాలి. ఈ పత్రిక చదివే మీరందరూ ఎక్కడో ఒకచోట ఈ లెక్క వేసినవాళ్ళే. మీ అమ్మని అడగండి. మీ ఇంట్లో పనిచేసే మనిషిని అడగండి, అడిగే ముందు బాత్రూం ఎక్కడో చెప్పండి.

అమ్మ రిటైరై ఆరేళ్ళయింది. ఇల్లు దాటే పనిలేదు, బాత్రూం పది అడుగుల దూరం. అయినా పొద్దున కాఫీ తర్వాత సాయంత్రం దాకా నీళ్ళు ముట్టదు. దాహమే వెయ్యదంటుంది. మొన్న స్కాన్ చేయిస్తే ఎడమ కిడ్నీలో చిన్న రాయి ఉందన్నారు. టేబుల్ మీద లీటరు సీసా నింపి పెట్టి, మధ్యాహ్నానికల్లా ఖాళీ చెయ్యాలని చెప్పి వచ్చాను. రోజూ రెండింటికి ఫోన్ చేసి అడుగుతున్నాను. నిన్న సగం తాగిందట.